‘కంటే’కు స్పానిష్‌లో రెండు దారులు

స్పానిష్ నేర్పే పుస్తకాల్లో పోలిక పాఠం దాదాపు ఒకే వరసలో నడుస్తుంది. ‘కంటే ఎక్కువ’ అనడానికి ‘మాస్... కే’, ‘కంటే తక్కువ’ అనడానికి ‘మేనోస్... కే’, సమానమని చెప్పడానికి ‘తాన్... కోమో’. ఈ మూడూ నోటికి వచ్చాక మినహాయింపులు మొదలవుతాయి. అంకె వస్తే ‘కే’ పోయి ‘దే’ వస్తుంది. వెనక క్రియతో కూడిన ఉపవాక్యం వస్తే ‘దే లో కే’ అవుతుంది. మంచి, చెడు, పెద్ద, చిన్న అనే నాలుగు విశేషణాలకు ‘మాస్’తో పనిలేని సొంత రూపాలుంటాయి. ఇంకొన్ని మాటల పక్కన ‘కే’ కాదు, ‘దే’ కాదు, ‘ఆ’ వస్తుంది. ఒక్కొక్క నియమం విడిగా చూస్తే సరైనదే. అన్నీ కలిపి చూస్తే మాత్రం ఈ భాష తోచినట్టు నడుస్తోందేమో అనిపిస్తుంది. అది నిజం కాదని నా వాదన. స్పానిష్ పోలికలో అసలు ప్రశ్న ‘మాస్’ గురించి కాదు, దాని తర్వాత వచ్చేది ఏమిటన్న దాని గురించి. ఆ వచ్చేది మొదటిదానికి సాటిగా నిలబడే రెండో వస్తువా, లేక దాటిపోవలసిన ఒక కొలతా? ఈ ఒక్క భేదం పట్టుకుంటే మినహాయింపులుగా కనిపించేవాటిలో ఎక్కువ భాగం నియమంలోనే ఒదిగిపోతాయి.

దీనికి మూలం లాటిన్‌లో ఉంది. లాటిన్‌లో విశేషణానికే ప్రత్యయం చేర్చి ‘ఎక్కువ’ అనే అర్థం తెచ్చేవారు, మన తత్సమాల్లో ‘గురుతర’, ‘ఘనతర’ అన్నట్టు. రోమన్ సామ్రాజ్యపు వాడుక భాషల్లో ఆ ప్రత్యయం క్రమంగా జారిపోయి, విశేషణం ముందు విడి మాట పెట్టే పద్ధతి స్థిరపడింది. ఆ విడి మాటకు పోటీదారులు రెండు: ‘మాగిస్’, ‘ప్లూస్’. ఫ్రెంచి, ఇటాలియన్ ‘ప్లూస్’ను తీసుకున్నాయి. స్పానిష్, పోర్చుగీస్, కతలాన్, దూరాన ఉన్న రొమేనియన్ ‘మాగిస్’ను నిలుపుకున్నాయి. స్పానిష్ ‘మాస్’ ఆ ‘మాగిస్’ అరిగి మిగిలిన రూపమే. అదే మాట ఫ్రెంచిలో ‘కానీ’ అనే అర్థంతో మిగిలింది. ఇక ‘మెహోర్’, ‘పెయోర్’, ‘మయోర్’, ‘మెనోర్’ పాత ప్రత్యయ పద్ధతి నుంచి బతికి బయటపడిన రూపాలు. 1492లో అంతోనియో దే నెబ్రిహా కాస్తియ భాషకు రాసిన వ్యాకరణంలోనే ఈ సంగతి గమనించాడు. లాటిన్‌లో విశేషణాలకు ఉండే ఈ రూపాలు తన భాషలో కొన్నిటికే మిగిలాయనీ, మిగతావన్నీ ‘మాస్’తో చుట్టు తిప్పి చెప్పుకోవలసిందేననీ అతను గుర్తించాడు. కాబట్టి ఆ నాలుగు మాటలనూ స్పానిష్ పోలికకు కేంద్రంగా చూడనక్కరలేదు. రోజూ వాడతాం కాబట్టి నేర్చుకోవాలి, అంతే.

మనకు ముఖ్యమైనది లాటిన్‌లోని ఇంకో సంగతి. ‘నాన్న కంటే మంచివాడు’ అనడానికి లాటిన్‌కు రెండు దారులుండేవి. ఒకటి ‘క్వామ్’ అనే అవ్యయం పెట్టి రెండో మనిషిని మొదటి మనిషి ఉన్న విభక్తిలోనే నిలబెట్టడం. రెండోది ఏ అవ్యయమూ లేకుండా ఆ రెండో మనిషిని పంచమీ విభక్తిలోకి మార్చడం. మొదటి దారి ఇద్దరినీ పక్కపక్కన నిలబెడుతుంది. రెండోది ఒకరిని కొలతకు ఆధారంగా తీసుకుని ‘అక్కడి నుంచి ఇంత’ అంటుంది. ఈ రెండో దారి తెలుగువారికి కొత్త కాదు. పరవస్తు చిన్నయసూరి 1858 నాటి బాలవ్యాకరణంలో ‘కంటె’ను ‘వలన’, ‘పట్టి’తో పాటు పంచమిలోనే చేర్చాడు. సంస్కృతంలోనూ పోలికకు పంచమే. భాషా శాస్త్రవేత్త లియోన్ స్టాసెన్ 167 భాషలను పరిశీలించి 2005లో ప్రచురించిన లెక్కలో, ‘నుంచి’, ‘దగ్గర’, ‘వైపు’ వంటి స్థలవాచి పద్ధతితో పోల్చే భాషలు 78. లాటిన్ ‘క్వామ్’లా ప్రత్యేకమైన అవ్యయం వాడేవి 22 మాత్రమే, వాటిలో చాలా భాగం యూరప్‌లోవే. లాటిన్ బిడ్డలుగా పుట్టిన భాషలకు రెండు పద్ధతులూ వారసత్వంగా వచ్చాయి. విభక్తి ప్రత్యయాలు రాలిపోయాక పంచమి చేసే పనిని ‘దే’ అనే విభక్త్యర్థకం చేపట్టింది. ‘క్వామ్’ చోటు ‘కే’ ఆక్రమించింది. ఇటాలియన్ నేటికీ ‘నా కంటే పొడవు’ అనేటప్పుడు ‘దే’కు తోబుట్టువైన ‘ది’నే వాడుతుంది. స్పానిష్ మాత్రం పనిని పంచుకుంది: సాటి వస్తువుకు ‘కే’, కొలతకు ‘దే’. ఆ పంపకం ఎంత కచ్చితమైనదో చూపించడమే ఇక్కడ చేయవలసిన పని.

ముందు ‘కే’. దీన్ని చాలామంది అభ్యాసకులు విభక్త్యర్థకంగా, అంటే మన ‘కంటే’కు సమానంగా భావిస్తారు. కానీ స్పానిష్‌లో విభక్త్యర్థకాల తర్వాత సర్వనామం రూపు మార్చుకుంటుంది. ‘నా కోసం’ అనడానికి ‘పారా మీ’, ‘నా నుంచి’కి ‘దే మీ’. పోలికలో అలా జరగదు. ‘నా కంటే పొడవు’ అనేది ‘మాస్ ఆల్తో కే యో’. ఇక్కడ ‘యో’ కర్త రూపం, ‘నేను’. అంటే వాక్యం లోపల ‘నేను ఎంత పొడవో అంతకంటే’ అనే రెండో వాక్యం దాగి ఉందన్నమాట. ‘ఎంత్రే’, ‘సెగూన్’ వంటి కొన్ని మాటల తర్వాత కూడా ‘యో’, ‘తూ’ వస్తాయి కదా, ఇదీ అలాంటిదే కావచ్చు కదా అని అడగవచ్చు. అది సరిపడదు. ‘కే’ తర్వాత కర్తే కాదు, వాక్యంలోని ఏ ముక్కైనా తన సొంత గుర్తుతో వచ్చి నిలబడుతుంది. ‘ఓయ్ ఆసే మాస్ కలోర్ కే అయేర్’, ఈరోజు నిన్నటి కంటే ఎండ ఎక్కువ. ‘సే వీవే మెహోర్ అకీ కే ఎన్ లీమా’, లీమాలో కంటే ఇక్కడ బతుకు బాగుంటుంది. ‘లీమాలో’ అనే మాట తన విభక్తితో సహా ‘కే’ తర్వాత వచ్చింది. విభక్త్యర్థకాలకు ఇంత స్వేచ్ఛ లేదు. రెండు సమానమైన ముక్కలను కలిపే సంయోజకానికే అది ఉంటుంది.

దీనికి అన్నిటికంటే గట్టి సాక్ష్యం ఒక జంట వాక్యం. ‘హువాన్ కియేరే ఆ మరియా మాస్ కే పేద్రో’ అంటే మరియాను ప్రేమించేవాళ్ళు ఇద్దరు, హువాన్, పేద్రో. వారిలో హువాన్ ప్రేమ ఎక్కువ. ‘హువాన్ కియేరే ఆ మరియా మాస్ కే ఆ పేద్రో’ అంటే ప్రేమించేవాడు హువాన్ ఒక్కడే. అతని ప్రేమ మరియాపై ఎక్కువ, పేద్రోపై తక్కువ. మనిషి కర్మగా వచ్చినప్పుడు స్పానిష్‌లో ముందు ‘ఆ’ పెట్టాలి. ‘కే’ ఆ గుర్తును చెరపదు కాబట్టి ఒక్క అక్షరంతో రెండు అర్థాలు విడిపోతాయి. ఇదే తెలుగులో ‘హువాన్ పేద్రో కంటే మరియాను ఎక్కువ ప్రేమిస్తాడు’ అంటే ఎవరు కర్తో ఎవరు కర్మో తేలదు. ‘కంటే’ పంచమి, అది తన ముందు మాట కర్తో కర్మో చెప్పే గుర్తును తుడిచేస్తుంది. స్పష్టత కావాలంటే మనం ‘పేద్రోను ప్రేమించేదాని కంటే’ అని వాక్యం విప్పి చెప్పాలి. పంచమి దారికీ సంయోజకం దారికీ ఉన్న తేడా ఇంత స్పష్టంగా కనిపించే చోటు ఇంకొకటి లేదు.

ఇక ‘దే’. పుస్తకాల నియమం: అంకె వస్తే ‘దే’. ‘మాస్ దే దియేస్’, పది కంటే ఎక్కువ. ‘మాస్ దే లా మితాద్’, సగం కంటే ఎక్కువ. ‘మాస్ దే ఉనా వేస్’, ఒకసారి కంటే ఎక్కువ. ఫ్రెంచి, ఇటాలియన్, పోర్చుగీస్ కూడా అంకెల ముందు ఇలాగే తమ ‘దే’ రూపాన్నే వాడతాయి కాబట్టి ఇది స్పానిష్ ఒక్కదాని విచిత్రం కాదు. కానీ నియమాన్ని ‘అంకె’ అనే మాటకు కట్టేయడమే తప్పు. స్పెయిన్‌లో అందరికీ తెలిసిన సామెత ‘ఉనా ఇమాహెన్ వాలే మాస్ కే మిల్ పలాబ్రాస్’, ఒక్క బొమ్మ వెయ్యి మాటల పెట్టు. వెయ్యి అంకె కాదా? అంకే. అయినా ‘కే’ వచ్చింది. ఎందుకంటే ఇక్కడ వెయ్యి అనేది దాటవలసిన లెక్క కాదు. బొమ్మకు సాటిగా నిలబెట్టిన వస్తువు ‘వెయ్యి మాటలు’. బొమ్మ విలువ ఒకటి, మాటల విలువ ఒకటి, ఆ రెండూ పక్కపక్కన ఉన్నాయి. ఇంకా తేటగా చూడాలంటే ‘కోమే మాస్ కే త్రేస్’, ‘కోమే మాస్ దే త్రేస్’ అనే రెండు వాక్యాలు చాలు. మొదటిది ముగ్గురు తినేదాని కంటే ఎక్కువ తింటాడు అనే మాట. రెండోది మూడు కంటే ఎక్కువ తింటాడు, మూడు రొట్టెలో మూడు పండ్లో, లెక్క మూడు దాటుతుంది. ఇంట్లో గోడ మీద పిల్లల ఎత్తు గీతలు గీస్తారు చూడండి: ఇద్దరు పిల్లలను పక్కపక్కన నిలబెట్టి చూడడం ‘కే’, ఒక పిల్లవాడు గోడ మీది గీతను దాటాడా అని చూడడం ‘దే’. అంకె ఎక్కువసార్లు గీత పని చేస్తుంది కాబట్టి ‘దే’ ఎక్కువగా కనిపిస్తుంది. అది వస్తువు పని చేసిన చోట ‘కే’ వచ్చి తీరుతుంది.

దీనికి వెంటనే వచ్చే ఆక్షేపణ ‘దే లో కే’. ‘ఎస్ మాస్ దిఫీసిల్ దే లో కే పరేసే’, కనిపించేదాని కంటే కష్టం. ‘పరేసే’ పూర్తి క్రియ. ‘కే’ వాక్యాలను కలిపేదైతే, ఇక్కడ వాక్యం ఉండగా ‘దే’ ఎందుకు వచ్చింది? ‘లో కే’ చేసే పని చూస్తే జవాబు దొరుకుతుంది. అది వాక్యాన్ని నామంగా మార్చేస్తుంది. మనం ‘కనిపించేది’, ‘అనుకున్నది’ అన్నట్టు. ఆ నామం సూచించేది ఒక మోతాదు, గోడ మీది గీత. తెలుగులో ‘అనుకున్నదాని కంటే కష్టం’ అన్నా సరిగ్గా ఇదే నిర్మాణం: ముందు క్రియను నామం చేయడం, ఆపైన పంచమి. ఇక్కడ తెలుగు అభ్యాసకులకు తమ భాషే తోడు వస్తుంది. ఇంగ్లీషు మీదుగా స్పానిష్‌కు వెళ్ళేవాళ్ళే ‘మాస్ దిఫీసిల్ కే పెన్సాబా’ అని తప్పులో పడతారు. పైగా మోతాదు ఏ నామానికి చెందితే ‘లో’ ఆ నామం లింగ వచనాలను తీసుకుంటుంది. ‘కొంప్రో మాస్ లీబ్రోస్ దే లోస్ కే ప్వేదే లేయేర్’, చదవగలిగినవాటి కంటే ఎక్కువ పుస్తకాలు కొన్నాడు. ‘త్యేనే మాస్ పసియేన్సియా దే లా కే పెన్సాబా’, నేను అనుకున్నదాని కంటే అతనికి ఓపిక ఎక్కువ. పుస్తకాలు పురుషలింగ బహువచనం కాబట్టి ‘లోస్’, ఓపిక స్త్రీలింగ ఏకవచనం కాబట్టి ‘లా’. ఒకే సరుకును రెండు మోతాదుల్లో కొలుస్తున్నామని ఈ అన్వయమే చెబుతోంది. ఇప్పుడు ‘ఎస్ మాస్ ఇంపోర్తాన్తే లో కే ఆసెస్ కే లో కే దీసెస్’ చూడండి: చెప్పేదాని కంటే చేసేది ముఖ్యం. ఇక్కడా ‘లో కే’ ఉంది, అయినా ముందు ‘కే’ వచ్చింది. చేసేదీ చెప్పేదీ రెండు వేరు వేరు విషయాలు, పక్కపక్కన నిలబడ్డాయి. అంకె సంగతిలో జరిగిందే ఇక్కడా జరిగింది. రూపం ఒకటే అయినా చేసే పనిని బట్టి మాట మారింది.

రెండో ఆక్షేపణ కొంచెం బలమైనది. ‘నో తేంగో మాస్ కే దియేస్ ఎయూరోస్’ అని స్పెయిన్‌లో రోజూ అంటారు. అంకె స్పష్టంగా లెక్కే, అయినా ‘కే’. నా జవాబు: ఈ వాక్యం పోలిక కానే కాదు. దీని అర్థం ‘నా దగ్గర పది యూరోలే ఉన్నాయి’. ‘పది తప్ప ఇంకేమీ లేదు’ అనే మినహాయింపు వాక్యమిది. ‘నో తేంగో మాస్ దే దియేస్ ఎయూరోస్’ అంటే మాత్రం పోలిక: పది దాటలేదు, ఎనిమిది ఉండవచ్చు, తొమ్మిది ఉండవచ్చు. మొదటి వాక్యం చెప్పినవాడి జేబులో సరిగ్గా పది ఉంటాయి. రెండోవాడి జేబులో ఎన్నో మనకు తెలియదు. రెండూ ‘పది కంటే ఎక్కువ లేదు’ అనే ఒకే అర్థానికి రెండు రూపాలని చెప్పే పుస్తకాలు అభ్యాసకుడికి అన్యాయం చేస్తున్నాయి. దుకాణంలో ఈ తేడా తెలియక మాట్లాడితే ఎదుటివాడు వేరే లెక్క వేసుకుంటాడు.

‘సుపెరియోర్’, ‘ఇన్‌ఫెరియోర్’, ‘అంతెరియోర్’, ‘పోస్తెరియోర్’ వంటి మాటలకూ ‘ప్రెఫెరీర్’ అనే క్రియకూ వచ్చే ‘ఆ’ గురించి ఎక్కువ చెప్పవలసింది లేదు. అవి లాటిన్ నుంచి పండితులు తెచ్చుకున్న మాటలు. లాటిన్‌లో ఆ విశేషణాలు తరతమ రూపాలే అయినా స్పానిష్‌లో మామూలు విశేషణాలుగా స్థిరపడ్డాయి. అయినా వాటి ముందు ‘మాస్’ పెట్టడాన్ని తప్పుగా చూస్తారు. ‘మయోర్’ మాత్రం నడిమధ్యలో ఉంది. పోలిక అర్థంలో ‘మాస్ మయోర్’ అనకూడదు. కానీ ‘వయసు మళ్ళినవాడు’ అనే మామూలు అర్థంలో దాన్ని స్పానిష్ అకాడెమీలు ఆమోదిస్తాయి. వయసు విషయంలో తెలుగువారు ఇంకొకటి గమనించాలి. మనకు అన్న, తమ్ముడు, అక్క, చెల్లి వేరు వేరు మాటలు. స్పానిష్ ‘ఎర్మానో’కు వయసు లేదు, ‘ఎర్మానో మయోర్’ అంటేనే అన్న. శరీర పరిమాణం చెప్పాల్సి వస్తే ‘మాస్ గ్రాందే’ కూడా వాడతారు. గుణం మంచిదని ముద్దుగా చెప్పేటప్పుడు ‘మాస్ బ్వేనో’ అనే రూపం బతికే ఉంది. ‘మాస్ బ్వేనో కే ఎల్ పాన్’, రొట్టె కంటే మంచివాడు అని పొగడడం స్పెయిన్ ఇళ్ళలో మామూలు మాట.

ఆ మాట నుంచే ఇంకో సంగతి వస్తుంది. ‘మాస్ సోర్దో కే ఉనా తాప్యా’, మట్టిగోడ కంటే చెవిటివాడు. ‘మాస్ క్లారో కే ఎల్ ఆగ్వా’, నీళ్ళ కంటే తేట. వీటిలో పోలిక రూపం ఉంది, పోలిక ఉద్దేశం లేదు. గోడకు చెవుడు ఎంతో ఎవరూ కొలవరు. ‘చాలా’ అనడానికే ఇవన్నీ. అయినా వీటిలో ప్రతిచోటా ‘కే’ వస్తుంది. ఏదో ఒక వస్తువును సాటిగా నిలబెట్టాలి కాబట్టే కదా! ‘మాస్ కే నూంకా’, ‘మాస్ కే నాద్యే’ కూడా గమనించదగ్గవి. మాటకు మాట ‘ఎన్నడూ కాదు కంటే’, ‘ఎవరూ కాదు కంటే’. ఇంగ్లీషు చదివినవాళ్ళకు ఈ నిషేధం వింతగా తోస్తుంది. తెలుగువారికి తోచనక్కరలేదు. ‘ఎన్నడూ లేనంత’, ‘ఎవరికీ లేనంత’ అని మనం నిషేధంతోనే చెబుతాం.

గరిష్ఠ రూపంలో స్పానిష్ చేసేది చాలా తక్కువ: ‘మాస్’ ముందు నిశ్చయవాచి చేర్చడం, అంతే. ‘ఎల్ మాస్ ఆల్తో దే లా క్లాసే’, తరగతిలో అందరికంటే పొడవు. తరగతి ‘లో’ అనే ఆలోచన నుంచి ‘ఎన్’ పెట్టే తప్పు మన అభ్యాసకుల్లో సాధారణం. కావలసింది ‘దే’. ఈ ‘దే’ను కూడా నేను చెప్పిన కొలత ‘దే’ కిందికి లాగాలనే ఆశ కలుగుతుంది, కానీ లాగకూడదు. ఇది సమూహంలోంచి ఒకటి తీసే ‘దే’. మన ‘వారిలో’ వంటిది. ఒక సూత్రం ఎంత వరకు పనిచేస్తుందో అంతవరకే దాన్ని నడిపించాలి. అసలు చిక్కు క్రియావిశేషణాల దగ్గర ఉంది. ‘ఆమె అందరికంటే బాగా పాడుతుంది’ అనడానికి నిశ్చయవాచి పెట్టే వీలు లేదు. వాక్యాన్ని తిప్పి ‘ఎల్యా ఎస్ లా కే మెహోర్ కాంతా’, ‘అందరికంటే బాగా పాడేది ఆమే’ అనాలి. పాఠ్యపుస్తకాలు దీన్ని దాదాపు వదిలేస్తాయి. ‘ఈసిమో’ ప్రత్యయానికి మాత్రం పేజీలు కేటాయిస్తాయి. నిజానికి ‘ఈసిమో’ పోలికే కాదు, ‘మూయ్’, అంటే ‘చాలా’ కంటే ఒక మెట్టు పైది. ప్రజల నోట్లో తరతరాలుగా నలిగి వచ్చినది కాదది, లాటిన్ నుంచి పండితులు తిరిగి తెచ్చినది. 1615 నాటి డాన్ కిహోటే రెండో భాగంలో సెర్వాంతెస్ కొన్ని పాత్రల చేత ఈ ప్రత్యయాన్ని అడ్డదిడ్డంగా, నామవాచకాలకు కూడా తగిలించి మాట్లాడించి నవ్వించాడంటే, అప్పటి పాఠకుల చెవికి అదింకా కొత్తగా, ఆడంబరంగా వినిపించేదనుకోవాలి.

ఇక ‘ఇదంతా పండితుల చర్చ, నేర్చుకునేవాడికి పట్టికే చాలు’ అనే ఆక్షేపణ. ద్వైట్ బోలింజర్ 1950లో స్పానిష్ అసమాన పోలికపై సుదీర్ఘ వ్యాసం రాశాడు, స్పానిష్ అకాడెమీల ఉమ్మడి వ్యాకరణం 2009లో దీనికి విస్తారమైన చోటిచ్చింది. కాబట్టి పండితుల విషయమే. అయినా పట్టికను నమ్మినవాడు ‘మిల్ పలాబ్రాస్’ దగ్గరే తడబడతాడు. పైగా పట్టిక ప్రాంతాన్ని బట్టి మారుతుంది. కొందరి మాటల్లో ‘దే లో కే’ ఉండవలసిన చోట ‘కే లో కే’ వినిపిస్తుంది. దాన్ని తప్పని కొట్టేయడం కంటే, మోతాదును కూడా సాటి వస్తువుగా నిలబెట్టే ధోరణి అక్కడ పెరిగిందని అర్థం చేసుకోవడం మేలు. ‘ఎంత... అంత’ వాక్యానికి స్పెయిన్‌లో ‘క్వాంతో మాస్... మాస్’ అంటే మెక్సికోలో ‘ఎంత్రే మాస్... మాస్’ అంటారు. హైదరాబాద్‌లో ఇఫ్లూ విశ్వవిద్యాలయం వంటి చోట్ల స్పానిష్ నేర్చుకునే విద్యార్థులకూ, మెక్సికన్ పొరుగువారి మధ్య ఉండే టెక్సస్ తెలుగు కుటుంబాలకూ ఈ రెండో రూపమే ముందు చెవిన పడవచ్చు. వారికి పాఠం ‘మాస్... కే’తో మొదలుపెట్టడంలో తప్పులేదు. కానీ అంకెల నియమం చెప్పే రోజునే ‘కోమే మాస్ కే త్రేస్’, ‘కోమే మాస్ దే త్రేస్’ అనే జంటను పక్కపక్కన పెట్టి, ఏ వాక్యంలో ముగ్గురు మనుషులున్నారో ఏ వాక్యంలో మూడు రొట్టెలున్నాయో వారిచేతే చెప్పించాలి. ‘దే లో కే’ పాఠం వచ్చినప్పుడు ‘అనుకున్నదాని కంటే’ అనే తెలుగు వాక్యాన్ని ముందు బోర్డు మీద రాయాలి.